రీఫ్ ట్యాంకుకి ఏ టెస్ట్ కిట్లు? నా అనుభవం

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టిన కొత్తలో టెస్ట్ స్ట్రిప్స్‌తోనే (నీళ్లలో ముంచితే రంగు మారే పట్టీలు) నెట్టుకొచ్చాను. మూడో వారం నైట్రేట్ విపరీతంగా చూపిస్తే కంగారుపడి సగం నీళ్లు మార్చేశాను. అసలు సంగతేంటంటే, కొత్త ట్యాంకులో వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుతుంది; నా ట్యాంకులో నైట్రైట్ ఇంకా పోలేదు. అది ఉంటే నైట్రేట్ టెస్టులో రంగు రావాల్సినదానికంటే ముదురుగా వస్తుంది. కాబట్టి మొదట అమ్మోనియా, నైట్రైట్ కిట్లు చాలు. రెండూ సున్నాకి వచ్చాకే నైట్రేట్ చూడండి.

పగడాలు వేసేముందు మాత్రం ఆల్కలినిటీ (నీటి క్షారత) కిట్ కొనాల్సిందే. నాది చుక్కల కిట్. 5 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కో చుక్కా వేసి ఊపుతుంటే నీలం కాస్తా పసుపైపోతుంది. ఎన్ని చుక్కలైతే అన్ని డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే యూనిట్). నాకు 8 వచ్చింది.

సముద్రం పక్కనే కదా అని బీచ్ నీళ్లు తేకండి. వానలకి మన తీరంలో ఉప్పు బాగా తగ్గిపోతుంది. నేను ఉప్పు కలుపుకుని రిఫ్రాక్టోమీటర్‌తో (ఉప్పదనం కొలిచే పరికరం) చూసుకుంటూ 35 పీపీటీకి, అంటే వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పుకి, తెస్తాను.