డీప్ టిష్యూ మసాజ్‌కి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

- రోజంతా సిస్టమ్ ముందు కూర్చుని మెడ, భుజాలు పట్టేసినవాళ్లకి, జిమ్ చేసేవాళ్లకి, కండరాల లోపలి పొరల దాకా గట్టిగా నొక్కి చేసే ఈ మసాజ్ బాగానే ఉంటుంది. ఊరికే రిలాక్స్ అవ్వాలంటే మామూలు ఆయిల్ మసాజ్ చాలు.
- ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉందా, అస్సలు పిసికించుకోవద్దు, కండరం పట్టేసిందిలే అనుకుంటాం గానీ అది లోపల సిరలో రక్తం గడ్డ అయ్యుండొచ్చు, కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదకొస్తుంది, ముందు హాస్పిటల్‌కి వెళ్లండి.
- వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, ప్రెగ్నెంట్‌గా ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడగాల్సిందే.
- జ్వరమొస్తే క్యాన్సిల్ చేసేయండి.
- తినగానే వెళ్లొద్దు.
- నొప్పి ఓర్చుకుంటేనే పనిచేస్తుందనేది ఉత్త మాట. తిమ్మిరెక్కినా, కరెంట్ షాక్‌లా జివ్వుమన్నా వెంటనే ఆపమనండి, మొహమాటపడకండి. మసాజ్ అయ్యాక ఒకట్రెండు రోజులు ఒళ్లు నొప్పులు మామూలే.