ఎండీఎస్‌లో ఆర్థో తీసుకోవాలా? సీటు ఎంచుకునే ముందే తేల్చుకోండి

రాత్రి డ్యూటీలు ఉండవు, రక్తం తక్కువ, ఎమర్జెన్సీలు అరుదు. దంతవైద్య పీజీ అయిన ఎండీఎస్‌లో ఆర్థోడాంటిక్స్ (వంకర పళ్లను, దవడల తేడాలను సరిచేసే విభాగం) ఎందుకంటే ఎక్కువమంది చెప్పే కారణాలివే. నిజమే గానీ, ముప్పై ఏళ్ల ప్రాక్టీసుకు ఇవి చాలవు. ఇది నిదానంగా సాగే పని. పన్ను నెలకు సుమారు 1 మి.మీ. కదులుతుంది. తేలికపాటి ఒత్తిడికి ఒకవైపు ఎముక కరుగుతుంది, రెండోవైపు కొత్తది కడుతుంది. తొందరపడి బలం పెంచితే పన్ను త్వరగా రాదు సరికదా, వేరు కరిగే ప్రమాదం పెరుగుతుంది. ఈ నిదానం మీకు నచ్చుతుందో లేదో ఇంటర్న్‌షిప్‌లోనే చూసుకోవచ్చు.

ముందు చేతిని పరీక్షించండి. 0.7 మి.మీ. స్టీలు తీగతో పది ఆడమ్స్ క్లాస్ప్‌లు (నోట్లో పెట్టే ప్లేటును పన్నుకు పట్టి ఉంచే కొక్కేలు) చేయండి. తీగ విరిగిందంటే ఒకేచోట పదేపదే వంచి సరిదిద్దారన్నమాట. అలా చేస్తే లోహం పెళుసవుతుంది. కొత్త ముక్కతో మళ్లీ మొదలుపెట్టండి. పదోదానికీ విసుగు రాకపోతే చేతికి ఈ పని పడుతుంది.

చేతికన్నా ముఖ్యం రోగనిర్ధారణ. లేటరల్ సెఫ్ (తలకు పక్కనుంచి తీసిన ఎక్స్‌రే) మీద ట్రేసింగ్ పేపరు పెట్టి ఎస్ఎన్ఏ, ఎస్ఎన్‌బీ కోణాలు కొలవండి. పుర్రెతో పోలిస్తే పైదవడ, కింది దవడ ఎంత ముందుకున్నాయో ఇవి వరసగా చెబుతాయి. సగటున 82, 80 డిగ్రీలు ఉంటాయి, తేడా 2. ఎత్తుపళ్లతో వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి పళ్లే ముందుకొచ్చి ఉండొచ్చు, ఇంకొకరికి కింది దవడ వెనకబడి ఉండొచ్చు. చూడటానికి ఒకేలా ఉన్నా చికిత్స వేరు. దవడ వెనకబడిన పిల్లలకు ఎదిగే వయసులో ట్విన్ బ్లాక్ (కింది దవడను ముందుకు ఉంచే, తీసి పెట్టుకునే పరికరం) లాంటిది పనిచేస్తుంది. ఎదుగుదల ఆగాక అదే సమస్యకు పళ్లు తీసి సర్దడమో, దవడ సర్జరీయో మిగులుతుంది. ఈ లెక్క మీకు ఆసక్తిగా అనిపిస్తే, ఆర్థో తీసుకోవడానికి అంతకు మించిన కారణం లేదు.

తర్వాత క్లిప్పులు వేయించుకున్న ఒక పేషెంటును నాలుగు నెలలు వదలకుండా గమనించండి. ఎచింగ్ (అతుకు పట్టేలా పన్నును యాసిడ్‌తో గరుకు చేయడం) అయ్యాక పన్నుకు ఉమ్మి తగిలినా, ఇంటికెళ్లి చెగోడీలు కొరికినా బ్రాకెట్ (తీగను పట్టి ఉంచేందుకు పన్నుకు అతికించే చిన్న ముక్క) ఊడుతుంది. బ్రష్ సరిగా చేయకపోతే దాని చుట్టూ తెల్లమచ్చలు పడతాయి. అవే జాగ్రత్తలు ప్రతి విజిట్‌లో పన్నెండేళ్ల పిల్లాడికీ, వాళ్లమ్మకీ ఓపిగ్గా చెప్పగలగాలి. క్లిప్పులు తీశాక రిటైనర్ (పళ్లను కొత్త చోటే పట్టి ఉంచే పరికరం) సంగతీ అంతే. పెట్టుకోకపోతే పళ్లు మళ్లీ పాత చోటుకు జరుగుతాయి.

డబ్బు లెక్క కూడా వేసుకోండి. బీడీఎస్ అయిదేళ్లు, ఎండీఎస్ మూడేళ్లు. ఒక్కో కేసు ఏడాదిన్నర, రెండేళ్లు నడుస్తుంది కాబట్టి ఫీజు సాధారణంగా వాయిదాల్లో వస్తుంది. మొదట్లో చాలామంది కన్సల్టెంట్లుగా నాలుగైదు క్లినిక్‌లు తిరుగుతారు. అప్పు చేసి ప్రైవేటు సీటు తీసుకునేవాళ్లు దీన్ని తప్పక లెక్కలోకి తీసుకోవాలి. ఊరు మారే ఆలోచన ఉంటే కొత్త కేసులు మొదలుపెట్టొద్దు. సగంలో వదిలేసిన కేసుతో ఎక్కువగా నష్టపోయేది పేషెంటే.

ఇక సీటు. ప్రవేశపరీక్ష నీట్ ఎండీఎస్ ర్యాంకు చేతికొచ్చాక ఆంధ్రలో ఎన్టీఆర్, తెలంగాణలో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాల కౌన్సెలింగ్ ఉంటుంది. ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీ డిపార్ట్‌మెంటుకు వెళ్లి మూడో ఏడాది పీజీలను కలవండి. మొదటి ఆరు నెలల్లో ఎన్ని కేసులు మొదలుపెట్టారో, వాటిలో ఎన్ని తమ చేతులతోనే పూర్తి చేశారో అడగండి. ఆలస్యంగా మొదలైన కేసుల్లో చివరి దశ మీ కళ్లబడకుండానే కోర్సు అయిపోతుంది.