రోడ్ సైకిలుకు ఏ షిఫ్టరు? ముందు మీ చేతులు ఎక్కడుంటాయో చెప్పండి

రోడ్ సైకిలు కొందామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది "ఎన్ని గేర్లది తీసుకోమంటారు?" అని. నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. గేరు మార్చాల్సి వచ్చినప్పుడు మీ చేతులు ఎక్కడుంటాయి? దారిలో వైరు తెగితే మీ ఊళ్లో వేసేవాళ్లున్నారా? వీటికి జవాబు దొరికితే ఏ షిఫ్టరు (గేరు మార్చే మీట) కావాలో సగం తేలిపోయినట్టే. గేర్ల లెక్క ఆ తర్వాతి సంగతి.

నాది విశాఖ. తెల్లవారుజామున భీమిలి బీచ్ రోడ్డు, వీలు చిక్కితే శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాటు. గాలి ఎదురైతే హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని వంగి తొక్కాలి. ఘాటులో అలా కాదు, మలుపు తిరగ్గానే ఎత్తు మారిపోతుంది, సీటు మీంచి లేచి తొక్కుతూనే గేరు మార్చాలి. నా అభిప్రాయాలన్నీ ఈ రెండు దారుల మీద ఏర్పడ్డవే. మీది చదునైన ఔటర్ రింగు రోడ్డయితే కొన్ని మార్చుకోండి.

పాత స్టీలు సైకిళ్లకు, హ్యాండిల్ దగ్గర్నుంచి పెడల్స్ వైపు దిగే గొట్టం మీద రెండు చిన్న లివర్లుంటాయి. వాటినే డౌన్‌ట్యూబ్ షిఫ్టర్లంటారు. వైరు పొట్టి, చెడిపోయే భాగాలు దాదాపు లేవు. ఫ్రిక్షన్ రకంలో క్లిక్కులుండవు, చైను సరిగ్గా కూర్చుందో లేదో చెవితో విని సర్దుకోవాలి. 1984లో షిమానో కంపెనీ తన డ్యూరా-ఏస్ సెట్టుతో ఎస్ఐఎస్ తెచ్చాక ఒక క్లిక్కుకి ఒక గేరు అన్న పద్ధతి స్థిరపడింది. మీ దగ్గర అలాంటి సైకిలుంటే పీకేయకండి, హాయిగా తొక్కుకోండి. కొత్తగా కొనేవాళ్లకి మాత్రం నేను చెప్పను. గేరు మార్చిన ప్రతిసారీ ఒక చెయ్యి హ్యాండిల్ వదలాలి, మన గుంతల రోడ్ల మీద అదేం బాగుంటుంది?

ప్రవేశ స్థాయి సైకిళ్లలో షిఫ్టరు హ్యాండిల్ పైభాగాన, స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిలుకు బిగించే ముక్క) పక్కన ఉంటుంది. షిమానో ఏ050 అలాంటిదే, 7 గేర్లది. బ్రేకు ఒక చోట, గేరు ఇంకో చోట. కాలేజీకో ఆఫీసుకో వెళ్లడానికి ఫర్వాలేదు. కానీ ఘాటు మలుపులో బ్రేకు లివర్ల మీది హుడ్స్ వదిలి చెయ్యి పైకి తీసుకెళ్లాలంటే విసుగొస్తుంది. దానికంటే కాస్త మెరుగు షిమానోదే టూర్నీ ఏ070. ఇందులో గేరు బ్రేకు లివరులోనే ఉంటుంది కానీ, బరువు గేరుకి మార్చే బొత్తాం బొటనవేలి దగ్గర లోపలి వైపు ఉంటుంది. కింది వంపులు పట్టుకుని ఉంటే వేలు అందదు. ఎదురుగాలిలో అదే చికాకు.

ఇక అసలు పోటీ, బ్రేకూ గేరూ కలిసిన లివర్ల మధ్యే. షిమానో ఎస్‌టీఐ 1990లో, కంపాన్యోలో కంపెనీ ఎర్గోపవర్ 1992లో, స్రామ్ కంపెనీ డబుల్‌ట్యాప్ 2006లో వచ్చాయి. మూడింటి తీరూ వేరు.

ఎస్‌టీఐలో బ్రేకు లివరే లోపలికి ఊగుతుంది. కుడి చేతి వైపు పెద్ద లివరు నెడితే తేలిక గేరు, దాని వెనక ఉన్న చిన్నది నొక్కితే బరువు గేరు. వానలో మందపాటి గ్లవ్స్ వేసుకున్నప్పుడు రెండూ కలిపి నొక్కేయడం మామూలే. కంపాన్యోలోలో బ్రేకు లివరు అటూ ఇటూ కదలదు. తేలిక గేరుకి దాని వెనక లివరు, బరువు గేరుకి బొటనవేలి దగ్గరి లివరు. చేతికి ఇచ్చే స్పష్టత విషయంలో నాకు ఇదే ఇష్టం, అయినా మిత్రులకు సిఫారసు చెయ్యను. చిన్న స్ప్రింగు పోయినా మన దగ్గర దొరకడం కష్టం. డబుల్‌ట్యాప్‌లో ఒక్కటే లివరు. కొంచెం నొక్కితే బరువు గేరు, బాగా లోపలిదాకా నెడితే తేలిక గేరు. అలవాటైతే సుఖమే. కాకపోతే ఘాటులో ఊపిరాడక, ఆఖరి పళ్ల చక్రం మీదే ఉన్నామని గమనించక ఇంకొకటి ఉందేమోనని నొక్కితే, గేరు తేలికవడానికి బదులు బరువవుతుంది. ఆ మాట అనంతగిరిలో వినపడే తిట్లలో తెలుస్తుంది.

నేను ఎక్కువమందికి చెప్పేది షిమానో సోరా 9 స్పీడ్ (వెనక 9 పళ్ల చక్రాలది) లేదా టియాగ్రా 10 స్పీడ్. ఆ రెండింటిలో కొండలెక్కేవాళ్లకి సోరా. కారణం గొప్పతనం కాదు, కలిసిపోయే గుణం. షిమానో రోడ్ లివర్లలో 8, 9, 10 స్పీడ్‌లకి, లివరు లాగే వైరుకీ వెనక డిరైలర్ (చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) కదలికకీ ఉన్న నిష్పత్తి ఒకటే (టియాగ్రా 4700 లాంటి కొన్ని మినహాయింపు, అది 11 స్పీడ్ పద్ధతిలో నడుస్తుంది). 8, 9 స్పీడ్ మౌంటెన్ బైక్ డిరైలర్లదీ అదే నిష్పత్తి. అంటే సోరా లివరు ఉంచుకునే, వెనక 9 స్పీడ్ మౌంటెన్ డిరైలర్, పెద్ద పళ్ల క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) వేసుకుని ఘాటెక్కొచ్చు. 10 స్పీడ్ మౌంటెన్ డిరైలర్‌తో మాత్రం ఈ పని జరగదు, దాని లెక్క వేరు.

హైబ్రిడ్‌కి (చదును హ్యాండిల్ సైకిలుకి) వంపు హ్యాండిల్ వేసి రోడ్ సైకిల్ చేద్దామనుకునేవాళ్లు ఒక్క మాట వినండి. అలాంటి సైకిళ్లకు తరచూ ఉండే వి-బ్రేకులకి (రిమ్‌ను రెండు పొడవాటి చేతులతో నొక్కే రకం) మామూలు ఎస్‌టీఐ లివరు చాలినంత వైరు లాగదు. గేర్లు మారతాయి, బ్రేకు సరిగ్గా పడదు. బ్రేకు మార్చే ఖర్చు కూడా వేసుకున్నాకే ఆ ఆలోచన చెయ్యండి. లేదంటే చదును హ్యాండిల్, రెండు మీటల ట్రిగ్గర్ షిఫ్టరే మేలు.

హ్యాండిల్ చివర్లలో అమర్చే బార్-ఎండ్ షిఫ్టర్లు దూరప్రయాణాలకి బాగుంటాయి. ఫ్రిక్షన్‌కి మార్చుకునే వీలున్నవి చూసుకుంటే, డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ను ఫ్రేముకు తగిలించే ముక్క) కాస్త వంగినా ఇల్లు చేరతారు.

ఎలక్ట్రానిక్ గురించి క్లుప్తంగా. షిమానో డ్యూరా-ఏస్ డీఐ2 2009లో, స్రామ్ వైర్‌లెస్ ఈట్యాప్ 2015లో, షిమానోదే 105 శ్రేణి డీఐ2 2022లో వచ్చాయి. వేలు తాకితే చాలు, మారుతుంది. చేతివేళ్ల నొప్పులున్నవాళ్లకి నిజంగా వరం. పూర్తి సెట్టు ధరలో మామూలు రోడ్ సైకిలు ఒకటి వచ్చేస్తుంది. చార్జింగు మరిచిపోయే అలవాటుంటే వదిలేయండి.

షాపులో చూసేటప్పుడు సైకిలెక్కి, హుడ్స్ మీద ఒకసారి, కింది వంపుల్లో ఒకసారి చేతులు పెట్టి గేర్లన్నీ మార్చండి. చూపుడువేలు చివరతో కాకుండా మధ్య కణుపుతో లివరు అందాలి. చేతులు చిన్నవైతే లివరును దగ్గరికి జరిపే స్క్రూ ఉందో లేదో అడగండి, చాలా మోడళ్లలో ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ లివరయితే క్లిక్కులు లెక్కపెట్టండి. 8 స్పీడ్‌కి 7 క్లిక్కులు రావాలి, వెళ్లేటప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ. లివరు పట్టు లేకుండా ఊగిపోతుంటే భయపడి వదిలేయక్కర్లేదు, ఏళ్లు గడిచి లోపలి గ్రీజు జిగురైపోయి ఉంటుంది. డీగ్రీజర్ కొట్టి, ఓపిగ్గా నొక్కుతూ ఉంటే చాలాసార్లు తిరిగి పట్టుకుంటుంది, తర్వాత పలుచటి నూనె వెయ్యండి. బేరం ఆడటానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు.

11 స్పీడ్ షిమానో లివర్లున్నవాళ్లకి మాత్రం ఒక జాగ్రత్త. లోపల, వైరు తల దగ్గర మరీ ఇరుకైన వంపు ఉంటుంది, పోగులు అక్కడే ఒక్కొక్కటిగా తెగుతాయి. ఎన్నిసార్లు సర్దినా గేర్లు నిలవడం లేదంటే డిరైలర్‌ని తిప్పుతూ కూర్చోకుండా హుడ్ ఎత్తి ఆ తల చూడండి. పూర్తిగా తెగితే ముక్క లోపల ఇరుక్కుని, లాగడానికి గంటలు పడుతుంది. సముద్రపు గాలి తగిలే మా ఊళ్లో నేను స్టెయిన్‌లెస్ వైరే వేస్తాను, ఏటా వానాకాలం అయ్యాక మార్చేస్తాను.