మ్యూల్ డియర్ కోసం తొలి ఒంటరి విల్లు వేట: ప్రయాణాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి?

కొత్తగా వేటకు దిగేవారు సాధారణంగా విల్లు కొనడంతో మొదలుపెట్టి, వేటాడిన జంతువు మాంసాన్ని బయటికి ఎలా తేవాలన్న ప్రశ్నను చిట్టచివరికి వదిలేస్తారు. తోడు లేకుండా వెళ్ళేవారు ఈ వరుసను తిరగేయాలి. ఎంత బరువును ఎంత దూరం మోయగలరో ముందుగా తేల్చుకుంటే, ఎక్కడ వేటాడాలి, ఎప్పుడు వెళ్ళాలి, ఏ సాయంత్రం బాణం వదలకూడదు అన్నవన్నీ దాని నుంచే తేలుతాయి. అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో నివసించే మనవారిని దృష్టిలో పెట్టుకొని, కొలరాడోను ఉదాహరణగా తీసుకుంటున్నాను. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించినందున, ఇందులో చెప్పినదేదీ అక్కడికి వర్తించదు.

కంచరగాడిద చెవుల వంటి పెద్ద చెవుల వల్లనే మ్యూల్ డియర్ అనే ఈ జింకకు ఆ పేరు వచ్చింది. ఎదిగిన మగ జింక నుంచి ఎముకలు తీసిన మాంసం సుమారు 30 కిలోల దాకా వస్తుంది. తల, విల్లు, నీళ్ళు, సామాను కలిపితే ఒక్కరికి అది రెండు మోతల పని. బండికి 3 కిలోమీటర్ల దూరంలో జంతువు పడితే, మోస్తూ 3, ఖాళీగా వెనక్కి 3, మళ్ళీ మోస్తూ 3, మొత్తం 9 కిలోమీటర్ల నడక తప్పదు. సెప్టెంబరు మధ్యాహ్నపు వేడిలో మాంసం చెడిపోకముందే ఇది పూర్తికావాలి. అందుచేత తొలి ప్రయాణానికి 3 కిలోమీటర్లకు మించి లోపలికి వెళ్ళవద్దని నా సలహా. బండిలో మంచు నింపిన కూలర్లు, వీపుసంచిలో గాలి ఆడే గుడ్డ సంచులు, రెండు పదునైన కత్తులు సిద్ధంగా ఉండాలి. పొట్ట చీల్చకుండానే ఒక పక్క చర్మం ఒలిచి, జబ్బ, తొడ, వెన్ను మాంసం తీసి, తిప్పి రెండో పక్క అలాగే చేసే పద్ధతిని ముందే నేర్చుకోవాలి.

తరువాతిది అనుమతి. కొలరాడోలో విల్లు వేట కాలం దాదాపు సెప్టెంబరు నెలంతా ఉంటుంది గాని, అనుమతులిచ్చే లాటరీకి దరఖాస్తుల గడువు ఏప్రిల్ మొదట్లోనే ముగుస్తుంది. 1949 జనవరి 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు వేట శిక్షణ ధ్రువపత్రం చూపాలి. ఐడాహో, మోంటానా వంటి రాష్ట్రాలు విల్లు వేటకు ప్రత్యేక శిక్షణ కూడా అడుగుతాయి. పేరుమోసిన యూనిట్ల (వేట ప్రాంతాల) కోసం, లాటరీ తగలని ప్రతి ఏటా జమయ్యే పాయింట్లను ఏళ్ళ తరబడి కూడబెట్టే బదులు, రాష్ట్ర వన్యప్రాణి శాఖ ప్రకటించే పాత లాటరీ ఫలితాలు చూసి, సున్నా లేదా ఒక్క పాయింటుతో దొరికే యూనిట్‌ను ఎంచుకోవడం మేలు. నియమాలు ఏటా మారుతుంటాయి కనుక ఆ ఏటి బ్రోచర్‌నే చదవాలి. వీసాపై ఉన్నవారికి తుపాకుల విషయంలో ఫెడరల్ చట్టం పెట్టిన ఆంక్షలు విల్లుకు వర్తించవన్నది మనవాళ్ళు తరచూ అడిగే సందేహానికి జవాబు.

అనుమతి చేతికొచ్చాక పటం ముందు కూర్చోవాలి. ఫోన్‌లోని వేట పటాలలో ప్రభుత్వ భూమి, ప్రైవేటు భూమి హద్దులు చూసుకొని, సిగ్నల్ లేకపోయినా పనిచేసేలా దాచుకోవాలి. తెల్లవారుజామున మేత మేసిన జింకలు పొద్దెక్కేసరికి నీడ ఉన్న వాలులలో, ముఖ్యంగా ఉత్తరం వైపు వాలులలో, పడుకుంటాయి. ఎదురుగట్టున కూర్చుని, మూడు కాళ్ళ స్టాండుకు (ట్రైపాడ్) బిగించిన, పదింతలు దగ్గరగా చూపే 10×42 బైనాక్యులర్‌తో ఆ వాలును గంటల తరబడి వెదకడమే ఈ వేటలో సింహభాగం. అలా చూడడానికి అనువైన చోట్లను కనీసం మూడు గుర్తించి పెట్టుకోవాలి.

పడుకున్న జింకను చూడగానే పరుగెత్తడం అందరూ చేసే పొరపాటు. నీడ జరిగేకొద్దీ అది లేచి మరోచోట పడుకుంటుంది. రెండోసారి కుదురుకున్నాకే బయలుదేరాలి. వేకువ చల్లదనంలో గాలి లోయలోకి దిగుతుంది, ఎండ కాసేకొద్దీ పైకెక్కుతుంది. అందువల్ల పొద్దెక్కాక పైనుంచి దిగుతూ సమీపించాలి. ఈ జంతువు అలికిడిని ఒక్కోసారి సహిస్తుంది గాని, మనిషి వాసనను సహించదు. ఆఖరి వంద గజాలలో బూట్లు విప్పి, మందపాటి మేజోళ్ళతో నడిచేవారు చాలామంది.

మీ గురి దూరం ఎంతో కొండ మీద తేల్చుకోకూడదు. వేసవి అంతా ప్రతిరోజూ చేసే అభ్యాసంలో వదిలే మొట్టమొదటి బాణం, వేటకు వాడే బ్రాడ్‌హెడ్ మొనతోనే, 20 సెంటీమీటర్ల వలయంలో పడే దూరమే మీ హద్దు. కొత్తవారికి అది 30 గజాలే అయితే అంతే, సిగ్గుపడనక్కరలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, వాలు మీద నిలబడి, వీపుసంచి తగిలించుకుని కూడా వదిలి చూడాలి. జింక పక్కకు తిరిగి ఉన్నప్పుడు గాని, కొంచెం అవతలి వైపుకు తిరిగి ఉన్నప్పుడు గాని ఊపిరితిత్తులకే గురిపెట్టాలి. నురుగుతో కూడిన గులాబీరంగు నెత్తురు కనిపిస్తే అరగంట ఆగి జాడ పట్టవచ్చు. ముదురు ఎరుపైతే నాలుగు గంటలు, పచ్చని పదార్థం కలిస్తే, అంటే బాణం పొట్టకు తగిలితే, కనీసం ఎనిమిది గంటలు కదలకూడదు.

ఒంటరితనపు ప్రమాదాలలో ఎలుగుబంటి కంటే ముందు మీ బాణం మొన, మీ కత్తి వస్తాయి. మొనలను పూర్తిగా కప్పే అంబులపొది, రక్తం ఆపే టూర్నికే, ఉపగ్రహ సందేశ పరికరం లేకుండా బయలుదేరవద్దు. ఎక్కడ ఉంటారో, ఏ గంట దాటితే కౌంటీ షెరిఫ్‌కు ఫోన్ చేయాలో ఇంట్లో రాసిచ్చి వెళ్ళాలి. 2,500 మీటర్లు దాటిన ఎత్తులో తలనొప్పి, వాంతి మొదలైతే దిగిపోవడమే వైద్యం.

పడిన జంతువుకు అనుమతి పత్రంతో వచ్చే ట్యాగ్ వెంటనే కట్టాలి. ఏ లింగమో తెలిపే భాగం మాంసానికి సహజంగా అంటి ఉండాలి. జింకల మెదడును దెబ్బతీసే క్రానిక్ వేస్టింగ్ వ్యాధిని తొలుత గుర్తించింది 1967లో కొలరాడోలోనే కాబట్టి, తలను పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసాన్ని ఫ్రీజర్‌లో వేరుగా ఉంచండి. వ్యాధి ఉందని తేలితే తినకూడదు.

ఇక తేదీలు. సోమవారం ఉదయం ఆఫీసుకు వెళ్ళవలసినవారు ఆదివారం సాయంత్రం బాణం వదిలితే, పొట్టకు తగిలిన జింక కోసం రాత్రంతా ఆగే వీలుండదు, తెల్లవారాక వెదికే వీలూ ఉండదు. కనుక వేటకు చివరి రోజును శనివారంగానే రాసుకొని, ఆదివారాన్ని జాడ వెదకడానికి, మోయడానికి ఖాళీగా ఉంచండి. శనివారం రాత్రికి ఏదీ పడకపోతే, ఆదివారం బైనాక్యులర్ పట్టుకుని కొండెక్కవచ్చు, విల్లు మాత్రం బండిలోనే ఉండాలి.