చేతి జీపీఎస్ నడుముకి కాదు, భుజం మీదికి

బెంగళూరు నుంచి వారాంతాల్లో సావనదుర్గకో మాకళిదుర్గకో ట్రెక్కింగ్‌కి వెళ్లే మనవాళ్లు చాలామంది దారి చూపే చేతి జీపీఎస్ పరికరాన్ని ప్యాంటు జేబులో వేసుకుంటున్నారు. దయచేసి అలా చేయకండి. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, అక్కడి నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. మన ఒంట్లోని నీరే దాన్ని మింగేస్తుంది. నడుముకి తగిలించినా అంతే, సగం ఆకాశానికి మనమే అడ్డం.

యాంటెన్నా పైకి మొద్దులా పొడుచుకొచ్చిన రకమైతే, బ్యాగు భుజం పట్టీకి వీలైనంత పైన నిలువుగా క్లిప్ చేయండి. బల్లపరుపు ప్యాచ్ యాంటెన్నా అయితే బ్యాగు పై మూత జేబే మేలు, స్క్రీన్ ఆకాశం వైపు ఉండాలి. దానిమీద స్టీలు సీసా, టిఫిన్ డబ్బా పెట్టకూడదు, లోహం దాటి సిగ్నల్ రాదు.

బండి దిగగానే, చెట్లలోకి వెళ్లకముందే ఆన్ చేసి, కాసేపు ఆరుబయట కదలకుండా ఉంచండి. మనం ఉన్న చోటు లెక్కకట్టడానికి కావలసిన తన కక్ష్య వివరాలను ఒక్కో ఉపగ్రహం 30 సెకన్లకోసారి పంపుతుంది. మధ్యలో సిగ్నల్ తెగితే మళ్లీ ఎదురుచూడాల్సిందే.

ఇంకోటి, నిటారు బండ పక్కన నిలబడి జీపీఎస్‌లో దారి గుర్తు (వేపాయింట్) సేవ్ చేయకండి. రాతికి తగిలి వచ్చే సిగ్నల్ వల్ల చోటు తప్పు చూపిస్తుంది. ఆకాశం బాగా కనిపించే చోటికి జరిగి అప్పుడు సేవ్ చేయండి.