రివ్యూడ్-బై పెట్టేముందు లెక్క చూడండి: డ్రైవర్ ప్యాచ్‌లకు జాగ్రత్తలు

లైనక్స్ కర్నెల్‌లోకి (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) కొత్త కోడ్ తీసుకునే మెర్జ్ విండో దగ్గరపడింది. విడుదలకు ముందు పరీక్షకిచ్చే వెర్షన్లు ఆర్‌సీ6, ఆర్‌సీ7 వచ్చాయంటే చాలామంది మెయింటైనర్లు (ఒక్కో భాగం బాధ్యత చూసేవాళ్ళు) కొత్త డ్రైవర్లు (పరికరాలను నడిపే కోడ్) తీసుకోవడం ఆపేస్తారు. అందుకే ఇప్పుడే అందరికీ తొందర. "అన్నా, చిన్న ప్యాచే, ఒక్కసారి చూసి రివ్యూడ్-బై ఇచ్చెయ్యవా" అని నిన్నటి నుంచి నాకు మూడు మెసేజీలు. ప్యాచ్ అంటే కోడ్‌లో మార్పు; రివ్యూడ్-బై అంటే దాన్ని చదివి సరే అన్నానని కింద పేరు పెట్టడం. ఇలాంటి వారంలోనే ఒకసారి నేనూ సరిగా చూడకుండా ఇచ్చేశాను. ఆ కథ కింద ఉంది.

ఇండెంటేషన్, లైను పొడవు, స్పెల్లింగుల గురించి ఇక్కడ చెప్పను. వాటికి చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు ఉంది. ఎర్రర్ కోడ్ చూసుకోని చోట్లు స్మాచ్ అనే టూలు కొంతవరకు పట్టిస్తుంది. మనిషి కళ్ళతోనే పట్టుకోవాల్సింది ఒకటుంది: లెక్క. ఎన్ని వస్తాయో ఎవరు లెక్కపెట్టారు, ఎక్కడ పెట్టారు, వాడేచోట ఉన్నదీ అదే లెక్కేనా?

సెర్బియా ఫోన్ సంగతి

2025 ఫిబ్రవరి 28న ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సెక్యూరిటీ ల్యాబ్ ఒక రిపోర్టు బయటపెట్టింది. సెర్బియాలో ఒక విద్యార్థి ఉద్యమకారుడి ఆండ్రాయిడ్ ఫోన్‌ను, లాక్ వేసి ఉండగానే, సెలెబ్రైట్ అనే కంపెనీ పరికరంతో తెరిచారు. పాస్‌వర్డ్ కనుక్కుని కాదు. యూఎస్‌బీ పోర్టుకి తగిలించి "నేను కెమెరాని", "నేను సౌండ్ కార్డుని" అని అబద్ధం చెప్పించారు. ఆ అబద్ధాన్ని నమ్మింది లైనక్స్ కర్నెల్‌లోని యూఎస్‌బీ డ్రైవర్లు.

కెమెరా బగ్గు సీవీఈ-2024-53104 (సీవీఈ అంటే భద్రతా లోపాలకు ఇచ్చే నంబరు). కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మనం రివ్యూలో దాటేసే తప్పు అచ్చంగా ఇలాగే ఉంటుంది. కెమెరా తగిలించగానే అది తన జాబితా చదివి వినిపిస్తుంది: ఫలానా ఫార్మాట్లు, వాటిలో ఫలానా ఫ్రేము సైజులు. డ్రైవర్ ఆ జాబితాను రెండుసార్లు నడుస్తుంది. మొదటిసారి ఫ్రేములు లెక్కపెట్టి, సరిపడా మెమరీ తీసుకుంటుంది. రెండోసారి ఒక్కో ఫ్రేమునూ అందులో నింపుతుంది. లెక్కపెట్టే లూప్ తనకు తెలిసిన ఫ్రేము రకాలనే లెక్కపెట్టింది. నింపే లూప్ మాత్రం ఎఫ్‌టైప్ అనే వేరియబుల్‌తో పోల్చి చూసింది. విడిగా ఫ్రేము వివరాలు రాని డీవీ ఫార్మాట్‌కి ఆ ఎఫ్‌టైప్ సున్నా. ఇప్పుడు దొంగ కెమెరా "నా ఫ్రేము రకం సున్నా" అని రాసి పంపితే? లెక్కపెట్టే లూప్ వాటిని చూడనే చూడదు. నింపే లూప్ సున్నాకి సున్నా సరిపోయిందని లోపలికి రానిస్తుంది. నూరు విస్తళ్ళు వేసి నూట ఇరవై మందిని బంతికి పిలిచినట్టు. ఆ ఇరవై మందీ పోయి పక్కింటి అరుగు మీద కూర్చున్నారు.

దాన్ని సరిచేసిన ప్యాచ్ మార్చింది ఒక్క లైను: నింపే లూప్ షరతు ముందు "ఎఫ్‌టైప్ సున్నా కాకపోతేనే" అని చేర్చారు. ఆ తప్పు 2.6.26 నుంచీ, అంటే 2008 నుంచీ అక్కడే కూర్చుని ఉంది. లూపులు రెండూ రెండు వేర్వేరు ఫంక్షన్లలో ఉన్నాయి. దేనికది చూస్తే ఏ తప్పూ కనపడదు. పక్కపక్కన పెట్టినవాడికే కనపడుతుంది.

సౌండ్ కార్డు బగ్గు, సీవీఈ-2024-53197, దీనికి తమ్ముడు. ఎక్స్‌టిజీ, ఎంబాక్స్ అనే పాత పరికరాల కోసం ఆ డ్రైవర్ డివైస్ డిస్క్రిప్టర్‌ను (పరికరం తన గురించి చెప్పుకునే పట్టిక) రెండోసారి చదువుతుంది. మొదటిసారి పరికరం చెప్పిన కాన్ఫిగరేషన్ల సంఖ్యకు తగ్గట్టు కర్నెల్ చోటు తీసుకుని ఉంది. రెండోసారి దొంగ పరికరం పెద్ద అంకె చెబుతుంది. అది నేరుగా పాత అంకె మీద వచ్చి పడుతుంది. ఆ తర్వాత వదిలించుకునేటప్పుడు లూప్ కొత్త అంకె దాకా తిరుగుతుంది, చోటు మాత్రం పాత అంకెకే. చదవడంలో తప్పు లేదు. చదివినదాన్ని పాతదానితో పోల్చకుండా దించేయడమే తప్పు.

మూడో ఉదాహరణ సెర్బియాది కాదు, విండోస్‌లోది. 2024 జూలై 19న శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చిన రోజు గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళ కర్నెల్ డ్రైవర్‌లో ఒకచోట 21 ఫీల్డులని నిర్ణయించారు, పిలిచే కోడ్ ఇచ్చింది 20. అప్పటిదాకా 21వ ఫీల్డు "ఏదైనా సరే" అన్న గుర్తుతోనే ఉండేది కాబట్టి దాన్ని ఎవరూ తాకలేదు. ఆ రోజు వచ్చిన ఫైలు మొదటిసారి దాన్ని నిజంగా పోల్చమంది. దాదాపు 85 లక్షల యంత్రాలు నీలం తెర వేశాయి. 21, 20. లెక్క ఒకచోట, వాడకం ఇంకోచోట.

నేను వదిలేసింది

ఒక సెన్సర్ డ్రైవర్. చిప్‌లో నమూనాలు దాచుకునే ఫిఫో (ముందు వచ్చింది ముందు బయటికి పోయే వరుస) ఉంది, అందులో ఎన్ని పోగయ్యాయో చెప్పే రిజిస్టర్ ఉంది. మా బఫర్ (డేటా దించుకునే చోటు) 32 నమూనాలకు. వెర్షన్ 2లో ఆ రిజిస్టర్‌ను ఒకసారి లోకల్ వేరియబుల్‌లోకి చదివి, 32 దాటిందేమో చూసి, అంతవరకే కాపీ చేశారు. వెర్షన్ 3లో ఎవరో "క్లీనప్" చేశారు: వేరియబుల్ తీసేసి, చెక్ దగ్గర ఒకసారి, లూప్ దగ్గర ఒకసారి రిజిస్టర్ చదివారు. నేను రెండు వెర్షన్ల మధ్య తేడా మాత్రమే చూశాను. ఒక వేరియబుల్ తగ్గింది, బాగుంది అనుకున్నాను. ల్యాబ్‌లో సెన్సర్ నెమ్మదిగా నడిచేది, ఏమీ కాలేదు. ఫీల్డులో వేగం పెంచారు. చెక్‌కీ లూప్‌కీ మధ్య ఇంకో మూడు నమూనాలు వచ్చి పడ్డాయి. అవి వెళ్ళి ఎక్కడ రాసుకున్నాయో కనుక్కోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ప్యాచ్ కింద రివ్యూడ్-బై నా పేరే.

ఎలా చూడాలి

ప్యాచ్‌ను పైనుంచి కిందికి చదవకండి. మెమ్‌కాపీ (మెమరీ కాపీ చేసే ఫంక్షన్), అరే ఇండెక్స్, లూప్ హద్దు ఎక్కడున్నాయో ముందు అక్కడికి వెళ్ళండి. అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ మెమరీ తీసుకున్న చోటికి చేరండి. ఒక వేలు అలకేషన్ మీద, ఒక వేలు రాసే లైను మీద. మధ్యలో ఆ అంకె ఎన్ని చేతులు మారిందో పైకి చెప్పుకోండి. నేనైతే కాగితం మీద రాసుకుంటాను, పిల్లలు నవ్వుకున్నా సరే.

లెక్కపెట్టే లూప్, నింపే లూప్ రెండూ ఉంటే వాటి షరతులు ఒకదాని కింద ఒకటి రాసి పోల్చండి. ఒక్క షరతు తేడా ఉన్నా "ఎందుకు?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఒప్పుకోకండి.

అంకె బయటి నుంచి వచ్చిందా? బయట అంటే యూజర్‌స్పేస్ (మామూలు ప్రోగ్రాములు నడిచే చోటు) మాత్రమే కాదు. పరికరం కూడా బయటే. యూఎస్‌బీ డిస్క్రిప్టర్, రిజిస్టర్, డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరం నేరుగా వాడే మెమరీ) రింగ్‌లో పరికరం రాసే ఇండెక్స్, అన్నీ బయటివే. మా చిప్ అలా ఎప్పుడూ చేయదు అని హార్డ్‌వేర్ వాళ్ళు చెబుతారు. మీ చిప్ చేయదు. మీ చిప్‌లా నటించేది చేస్తుంది.

ఇక మిగతావి, గుర్తొచ్చినట్టు:

- బయటి అంకెను ఒక్కసారే చదవాలి. లోకల్‌లోకి తెచ్చి, అక్కడే పరీక్షించి, ఆ లోకల్‌నే వాడాలి. డీఎంఏ మెమరీ అయితే రీడ్-వన్స్ (ఒక్కసారే చదవమని కంపైలర్‌కి చెప్పే మాక్రో) కూడా ఉండాలి, లేకపోతే కంపైలర్ మీకు చెప్పకుండా మళ్ళీ చదువుతుంది.
- ఐఓక్టల్‌లో (ప్రోగ్రాము డ్రైవర్‌ని పిలిచే దారి) ముందు హెడర్ కాపీ చేసి, సైజు చూసి, తర్వాత మొత్తాన్ని మళ్ళీ కాపీ-ఫ్రమ్-యూజర్ చేస్తే, ఈ రెండింటి మధ్య ఇంకో థ్రెడ్ సైజు మార్చేస్తుంది. మొదట పరీక్షించిన సైజే వాడండి.
- సంఖ్యను సైజుతో గుణించి, మెమరీ ఇచ్చే కే-మాలాక్‌కి ఇస్తే వెనక్కి పంపండి. గుణకారం పొంగితే చిన్న అంకె అవుతుంది. కే-కాలాక్, స్ట్రక్ట్-సైజ్ ఉన్నవి అందుకే.
- పొడవులోంచి హెడర్ సైజు తీసేసే లైను కనపడితే ఆగండి. అన్‌సైన్డ్ (మైనస్ లేని అంకె) అయితే రెండులోంచి ఎనిమిది పోతే నాలుగొందల కోట్లకు పైనే.
- డిస్క్రిప్టర్ పొడవు సున్నా అని వస్తే లూప్ ముందుకు కదలదు. సున్నా వస్తే ఏమవుతుందని అడగండి.
- హద్దు పోలికలో చిన్నదా (<), చిన్నదీ-సమానమా (<=)? ప్రతిసారీ. ప్రతిసారీ.
- పరికరం డేటాకు తీసుకునే బఫర్ సున్నాలతో నింపి ఇచ్చే కే-జాలాక్‌తోనే. సెర్బియా రిపోర్టులోని మూడో బగ్గు, సీవీఈ-2024-50302, హెచ్‌ఐడీ (కీబోర్డు, మౌసుల రకం పరికరాలు) రిపోర్టు బఫర్‌ను సున్నా చేయకపోవడం వల్లనే.
- స్టాక్ మీది బఫర్‌ను డీఎంఏకి ఇవ్వకూడదు.
- ఇంటరప్ట్ నంబరు (ఐఆర్‌క్యూ) ఇచ్చే ప్లాట్‌ఫాం-గెట్-ఐఆర్‌క్యూ ఫలితాన్ని అన్‌సైన్డ్‌లో దాచితే మైనస్‌లో వచ్చే ఎర్రర్ ఎప్పటికీ కనపడదు.
- ఐఆర్‌క్యూని డెవ్‌ఎం ఫంక్షన్‌తో (తర్వాత తనంతట తానే వదిలేసేది) తీసుకుని, రిమూవ్‌లో వర్క్‌ను (తర్వాత చేయడానికి వరుసలో పెట్టిన పని) రద్దు చేశారా? ఐఆర్‌క్యూ పోయేది రిమూవ్ ముగిశాక. ఆ సందులో ఇంటరప్ట్ వచ్చి వర్క్‌ను మళ్ళీ నిలబెడుతుంది. ముందు ఇంటరప్ట్ ఆపండి.
- స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపు నిద్రపోకూడని తాళం) పట్టుకుని నిద్రపోయే అలకేషన్ వద్దు.
- వెర్షన్ల మధ్య తేడా ఒక్కటే చూసి రివ్యూడ్-బై ఇవ్వొద్దు. మొత్తం ఫంక్షన్ తెరవండి. నాకు తొమ్మిది రోజులు పోయింది ఇక్కడే.
- "క్లీనప్" అన్న మాట ఉన్న ప్యాచ్‌ను రెండుసార్లు చదవండి.
- లెక్క ఎక్కడ మారింది?
- "హార్డ్‌వేర్ లేదు, టెస్ట్ చేయలేదు" అంటే ఒప్పుకోకండి. యూఎస్‌బీ డ్రైవర్‌కి హార్డ్‌వేర్ అక్కర్లేదు. పరికరంలా నటించడానికి డమ్మీ-హెచ్‌సీడీ, రా-గ్యాడ్జెట్ రెండూ కర్నెల్‌లోనే ఉన్నాయి. కేసాన్ (మెమరీ తప్పులు పట్టే టూలు) ఆన్ చేసి, దొంగ డిస్క్రిప్టర్ ఒకటి రాసి తగిలించి చూపించమనండి. ఫ్రేముల సంఖ్య 255 అని, రకం సున్నా అని రాయమనండి. లాగ్ తెచ్చాకే మిగతా మాట.
- రాత్రి పదకొండు దాటాక వచ్చిన వెర్షన్ 7కి "రేపు చూస్తాను" అని ఒక్క లైను రాసి పడుకోండి.