సర్వీసు కాగితాలు రికార్డ్స్ నుంచి తెప్పించుకోవడం ఎలా

“నా సర్వీసు రికార్డులన్నీ పంపించగలరు” అని ఒక్క వాక్యం రాసి సైన్యపు రికార్డ్స్ ఆఫీసుకు పోస్టు చేస్తే, నెలలు గడిచినా జవాబు రాకపోవచ్చు. ఆ ఉత్తరం చదివిన క్లర్కుకు మీకేం కావాలో అర్థం కాదు. సర్వీసు రికార్డు అంటే ఒక్క ఫైలు కాదు. అందులో రకరకాల కాగితాలుంటాయి, వాటిని చూసే సెక్షన్లూ వేరు వేరు. కావలసిన కాగితాన్ని దాని పేరు పెట్టి అడిగితే సగం పని అయిపోయినట్టే. ఇక్కడ చెప్పేదంతా జవాన్లు, ఎన్‌సీఓలు (నాయక్, హవల్దార్ లాంటివాళ్లు), జేసీఓలు (సుబేదార్ లాంటివాళ్లు), వారి కుటుంబాల కోసం. ఆర్మీ ఆఫీసర్ల దస్త్రాలు ఈ రికార్డ్స్ ఆఫీసుల్లో ఉండవు. వాళ్లు ఢిల్లీలోని ఆర్మీ ప్రధాన కార్యాలయంలో అడ్జుటెంట్ జనరల్ బ్రాంచికి రాయాలి.

ఏ కాగితం దేనికి పనికొస్తుంది

డిశ్చార్జి బుక్కు అందరికీ తెలిసిందే. ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చేది. మాజీ సైనికుల గుర్తింపు కార్డుకు, వాళ్ల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్‌కు, ఉద్యోగంలో రిజర్వేషన్‌కు, పిల్లల సీట్లకు ముందుగా అడిగేది దీన్నే.

షీట్ రోల్ మీ దగ్గర ఉండదు, రికార్డ్స్‌లోనే ఉంటుంది. భర్తీ అయిన రోజు నుంచి డిశ్చార్జి దాకా యూనిట్లు, ప్రమోషన్లు, కుటుంబ వివరాలు, పతకాలు, శిక్షలు అన్నీ అందులోకి ఎక్కుతాయి. ఆర్మీలో దీని ఫారం నంబరు ఐఏఎఫ్ఎఫ్-958. ఉత్తరంలో ఈ నంబరు రాస్తే వెతికేవాళ్లకు తేలిక.

పార్ట్ టూ ఆర్డర్లు అంటే పెళ్లి, పిల్లల పుట్టుక, సెలవు, ప్రమోషన్ లాంటి ప్రతి మార్పునూ అధికారికంగా ప్రకటించే ఆర్డర్లు. భార్య పేరు మీద పార్ట్ టూ ఆర్డర్ పడకపోతే రికార్డ్స్ లెక్కలో ఆమె లేనట్టే. ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయిందంటే చాలాసార్లు మూలం ఇక్కడే ఉంటుంది.

మెడికల్ కాగితాలను విడిగా అడగాలి. డిశ్చార్జికి ముందు జరిగే మెడికల్ బోర్డు కాగితాలు ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 ఫారంలో ఉంటాయి. డ్యూటీలో దెబ్బ తగిలితే నింపేది ఐఏఎఫ్‌వై-2006, దాన్నే ఇంజురీ రిపోర్టు అంటారు. వికలాంగ పెన్షన్ కోసం పోరాడేవాళ్లు ఈ రెండింటితో ఆగకూడదు, భర్తీనాటి మెడికల్ పరీక్ష కాగితం కూడా అడగాలి. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట దీనికి ఆధారం: భర్తీ సమయంలో జబ్బు ఉన్నట్టు ఎక్కడా రాయకపోతే, ఆ తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని సైనికుడికి అనుకూలంగా భావించాలి, కాదని నిరూపించాల్సిన బాధ్యత అవతలివాళ్లది. భర్తీనాటి కాగితం శుభ్రంగా ఉందని చూపించడమే మీ బలం. (2023 సెప్టెంబరు తర్వాత ఇంటికొచ్చినవాళ్లకు కొత్త నిబంధనలు వర్తిస్తాయి. వాళ్లు వాటినీ చూసుకోవాలి.)

పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) కోసం రికార్డ్స్‌కు రాయక్కర్లేదు. రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ స్పర్శ్‌లోకి మారిన పెన్షనర్లు ఆ పోర్టల్‌లో లాగిన్ అయి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

రాసే ముందు ఇల్లు, ఊరు వెతకండి

డిశ్చార్జి బుక్కు నకలు మీరు మరిచిపోయిన చోట ఉండొచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో, అదే మనం సైనిక్ బోర్డు అనేదానిలో, పేరు నమోదు చేసుకున్న రోజు ఇచ్చిన జిరాక్సు ఉందేమో అడగండి. రిటైరయ్యాక బ్యాంకులోనో రైల్వేలోనో మళ్లీ ఉద్యోగం చేసి ఉంటే అక్కడి పర్సనల్ ఫైల్లో అటెస్ట్ చేసిన కాపీ ఉంటుంది. ఈసీహెచ్‌ఎస్ దరఖాస్తుతో పెట్టిన సెట్టు కూడా ఉండొచ్చు. నకలుతో పని గడవకపోయినా అందులోని నంబర్లు, తేదీలు మీ ఉత్తరానికి ప్రాణం.

ఏ రికార్డ్స్‌కు రాయాలి

ఆర్మీలో ప్రతి రెజిమెంటుకూ, కోర్‌కూ (అంటే సిగ్నల్స్ లాంటి విభాగానికీ) సొంత రికార్డ్స్ ఆఫీసు ఉంటుంది. మీరు చివరగా పనిచేసిన యూనిట్ ఎక్కడుందన్నది ముఖ్యం కాదు, మీ కోర్ ఏదన్నదే ముఖ్యం. ఈఎంఈ (వాహనాలు, యంత్రాల మరమ్మతు చూసే కోర్), ఏఓసీ (ఆయుధాలు, సామగ్రి సరఫరా చూసే కోర్) రికార్డ్స్ రెండూ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీది నాసిక్ రోడ్ క్యాంపు, సిగ్నల్స్‌ది జబల్పూర్, మద్రాస్ ఇంజనీర్ గ్రూపుదీ మిలిటరీ పోలీసుదీ బెంగళూరు. మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్, వైద్య విభాగమైన ఏఎంసీది లక్నో, ఆర్మర్డ్ కోర్‌ది అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్). ఎయిర్‌ఫోర్స్ వాళ్లందరికీ ఢిల్లీ సుబ్రతో పార్కులోని ఎయిర్‌ఫోర్స్ రికార్డ్ ఆఫీసు ఒక్కటే. నేవీ సెయిలర్లకు ముంబై మాన్‌ఖుర్ద్, చీతా క్యాంపులోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్.

డీఎస్‌సీలో (సైనిక స్థావరాలకు కాపలా కాసే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో) రెండోసారి చేరినవాళ్లు ఒక విషయం గమనించాలి. డీఎస్‌సీ రికార్డ్స్ కన్నూర్‌లో ఉంది. మొదటి సర్వీసు కాగితాలకు పాత కోర్ రికార్డ్స్‌కు, రెండో సర్వీసుకు కన్నూర్‌కు విడివిడిగా రాయండి. ఒక ఉత్తరంలో మరో ఉత్తరం సంగతి ప్రస్తావించండి. లేకపోతే ఒకరు మరొకరిని అడగమంటూ మిమ్మల్ని తిప్పుతారు.

ఉత్తరం ఎలా రాయాలి

ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయించుకోండి. చదివేవాళ్లకు తెలుగు రాకపోవచ్చు. పైన వరసగా సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు, ట్రేడు, భర్తీ తేదీ, డిశ్చార్జి తేదీ, చివరి యూనిట్, పీపీఓ నంబరు ఉండాలి. ఆర్మీ నంబరు చివర ఉండే ఇంగ్లీషు అక్షరం వదిలేయొద్దు. అంకెల్లో పొరపాటు దొర్లితే పట్టిచ్చేది ఆ అక్షరమే. జేసీఓ అయినవాళ్లు జేసీ నంబరుతో పాటు పాత జవాను నంబరూ రాయాలి. పాత కాగితాలు పాత నంబరు మీదే ఉంటాయి.

తర్వాత పేరు. మన తెలుగువాళ్లకు వచ్చే చిక్కంతా ఇంటిపేరు దగ్గరే. షీట్ రోల్‌లో “సిహెచ్ వెంకటేశ్వర్లు”, ఆధార్‌లో “చింతల వెంకటేశ్వర్లు”, బ్యాంకు పుస్తకంలో “వెంకటేశ్వర్లు చింతల” అని ఉంటుంది. “చ”తో మొదలయ్యే ఇంటిపేరును మనం సిహెచ్ అని కుదిస్తామని ఉత్తరాది క్లర్కుకు తెలియదు. రెండు వేరు వేరు ఇనీషియల్స్ అనుకుంటాడు. మూడు కాగితాల్లో మూడు పేర్లు కనిపిస్తే ఇది అదే మనిషి అని రాయడానికి ఆయన జంకుతాడు. అందుకే ఉత్తరంలో పేరు డిశ్చార్జినాడు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. దాని కింద “ఆధార్‌లో నా పేరు ఇలా ఉంది, ఇద్దరూ ఒక్కరే” అని మరో వాక్యం చేర్చండి. సంతకం కూడా సర్వీసులో చేసినట్టే చేయండి. వయసు మీద పడి చెయ్యి వణుకుతుంటే వేలిముద్ర వేసి, సైనిక సంక్షేమ అధికారి చేత అటెస్ట్ చేయించండి.

అడిగే వాక్యం ఇలా ఉండాలి: “నా పెళ్లికీ, ఇద్దరు పిల్లల పుట్టుకకూ సంబంధించిన పార్ట్ టూ ఆర్డర్ల నంబర్లు, తేదీలు తెలియజేయాలి. వాటి ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించాలి. అవి ప్రచురితం కాకపోయి ఉంటే ఆ సంగతి రాతపూర్వకంగా తెలపాలి.” చివరి వాక్యం తప్పకుండా పెట్టండి. “ప్రచురితం కాలేదు” అన్న జవాబు చేతికొచ్చినా లాభమే. దాన్ని పట్టుకుని పెళ్లి సర్టిఫికెట్టు, జాయింట్ ఫొటో, అఫిడవిట్‌తో ఇప్పుడైనా ఆ ఆర్డర్ వేయించుకోవచ్చు. భర్త బతికుండగా ఇద్దరి సంతకాలతో అడిగితే ఇది కాగితం పని. ఆయన పోయాక అదే పనికి ఆ ఇల్లాలు నలుగురు సాక్షులను వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

డిశ్చార్జి బుక్కు పోయినవాళ్లు ముందుగా పోలీసు స్టేషన్‌లో పోయినట్టు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఎలా పోయిందో చెబుతూ, ఎవరి దగ్గరా తాకట్టులో లేదని నోటరీ అఫిడవిట్ చేయించాలి. రెండూ కలిపి, ఫొటోలు, ఆధార్, పీపీఓ నకళ్లతో సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే మంచిది. వాళ్ల కవరింగ్ లెటర్ ఉంటే మీరెవరన్న ప్రశ్న రాదు. డూప్లికేట్ బుక్కు బదులు సర్వీసు వివరాలున్న సర్టిఫికెట్ వస్తే నిరాశ పడొద్దు, చాలా చోట్ల దానితో పని జరుగుతుంది.

భర్త పోయిన స్త్రీ అడుగుతుంటే మరణ ధ్రువపత్రం, తన పేరున్న పీపీఓ, ఆధార్ జత చేయాలి. తల్లిదండ్రులిద్దరూ పోయి పిల్లలు అడుగుతుంటే తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా కావాలి. సంబంధం రుజువు లేకుండా మూడో వ్యక్తి కాగితాలు ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఒరిజినల్స్ ఎప్పుడూ పంపొద్దు. అటెస్ట్ చేసిన జిరాక్సులే పంపండి. స్పీడ్ పోస్టులో వేసి, రసీదును ఉత్తరం కాపీకి పిన్ను కొట్టి దాచండి. తర్వాత పంపే ప్రతి రిమైండర్‌కూ ఆ తేదీయే ఆధారం.

జవాబు రాకపోతే ఆర్‌టీఐ

నెలన్నర చూసి ఒక రిమైండర్ పంపండి. అయినా కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. మామూలు ఉత్తరానికి గడువు లేదు, దీనికి 30 రోజుల గడువుంది. ఫీజు 10 రూపాయలు, కాపీలకు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జతచేస్తే ఫీజు అక్కర్లేదు. పోస్టులో పంపేవాళ్లు 10 రూపాయల పోస్టల్ ఆర్డర్‌ను అకౌంట్స్ ఆఫీసర్ పేరిట తీసి పెట్టాలి. పేరు ఖాళీగా వదిలేసినా, కోర్టు ఫీజు స్టాంపు అంటించినా వెనక్కి వచ్చే ప్రమాదం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆర్‌టీఐ పోర్టల్‌లోనూ పెట్టొచ్చు. దరఖాస్తు 3000 అక్షరాలు దాటితే పీడీఎఫ్‌గా జతచేయాలి. రాష్ట్ర ప్రభుత్వ పోర్టల్‌లో మాత్రం పెట్టకండి, రికార్డ్స్ కేంద్రం కిందికి వస్తుంది. ఒక ఆఫీసుకు పెట్టింది మరో ఆఫీసుది అయితే, 6(3) సెక్షన్ ప్రకారం 5 రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి.

ఆర్‌టీఐలో ఎక్కువమంది చేసే పొరపాటు “ఎందుకు” అని అడగడం. “నా పెన్షన్ ఎందుకు తిరస్కరించారు?” అంటే “అది సమాచారం కిందికి రాదు” అని తోసేయొచ్చు. చట్టం ఇప్పించేది ఆఫీసులో ఉన్న కాగితాన్నే, కొత్త వివరణను కాదు. అదే విషయాన్ని ఇలా అడగండి: “ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16లో బోర్డు అభిప్రాయం రాసిన భాగంతో సహా అన్ని పేజీల నకళ్లు, నా వికలాంగ పెన్షన్ క్లెయిమును తిరస్కరించిన ఉత్తరం, దానికి ముందు ఫైల్లో రాసిన నోటింగ్స్ నకళ్లు ఇవ్వాలి.” మీ ఎందుకుకు జవాబు ఆ పేజీల్లోనే దొరుకుతుంది. కొన్నిసార్లు మెడికల్ బోర్డు మొదటి పేజీలు మాత్రమే పంపి ఊరుకుంటారు, అందుకే “అన్ని పేజీలు” అన్న మాట ముఖ్యం.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది అరకొరగా ఉన్నా, మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. దీనికి ఫీజు లేదు. అప్పీలు అధికారి 30 రోజుల్లో, మహా అయితే 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోపు కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్లొచ్చు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి పేజీల డబ్బు తీసుకోకూడదని 7(6) సెక్షన్ చెబుతోంది, గుర్తుపెట్టుకోండి.

“కాగితాలు నాశనం చేశాం” అంటే

పెన్షన్ లేకుండా ఇంటికొచ్చినవాళ్ల సర్వీసు కాగితాలను ఆర్మీ 25 ఏళ్లు దాచి, తర్వాత నిబంధనల ప్రకారం తీసేస్తుంది. అలాంటి జవాబు వస్తే ఆగిపోవద్దు. లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టరును శాశ్వతంగా ఉంచుతారు. నంబరు, పేరు, భర్తీ తేదీ, డిశ్చార్జి తేదీ, కారణం లాంటి ముఖ్య వివరాలు అందులో దొరుకుతాయి. “లాంగ్ రోల్‌లో నా వివరాలున్న భాగం ధ్రువీకరించిన నకలు” అని మళ్లీ అడగండి. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన తాత గురించి వెతుకుతున్న మనవలకు కూడా ఎక్కువగా మిగిలేది ఇదే. నంబరు తెలియకపోతే పతకాల అంచు చూడండి. చాలా పతకాల మీద నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంటు చెక్కి ఉంటాయి. కంటికి ఆనకపోతే ఫోన్ టార్చి పక్కనుంచి వేసి ఫొటో తీసి పెద్దది చేస్తే కనిపిస్తాయి. తోమి మెరిపించబోతే ఉన్న అక్షరాలు అరిగిపోతాయి, ఆ పని చేయకండి.

నకళ్లు చేతికొచ్చిన రోజే ప్రతి పేజీ మీద ధ్రువీకరణ ముద్ర, సంతకం ఉన్నాయా అని చూసుకోండి. పుట్టిన తేదీ, భార్య పేరు స్పెల్లింగు, పిల్లల పేర్లు స్పర్శ్‌లో ఉన్నవాటితో సరిపోల్చండి. “లక్ష్మి” ఒకచోట, “లక్ష్మీదేవి” ఇంకోచోట ఉంటే వెంటనే సవరణకు రాయండి. ఆ ఉత్తరంలో వాళ్లు పంపిన జవాబు నంబరు, తేదీ తప్పక వేయండి. ఫైలు మళ్లీ మొదటినుంచి వెతికే పని వాళ్లకు తప్పుతుంది.